సైన్యం మిగిల్చిన సూది

"నేను పొడవలేను. ఊపిరందక అది గిలగిల కొట్టుకుంటుంటే దాని తొడలో సూది దింపడం నా వల్ల కాదు. చెయ్యి బిగుసుకుపోతుంది. ఇప్పుడే చెబుతున్నాను, బిగుసుకుపోతుంది."

స్కూలు బస్సు మెట్టు మీద నిలబడి కొరీన్ ఈ మాట అంటుంటే, స్టీరింగు మీద రెండు మోచేతులూ ఆనించి డెల్మార్ స్టాన్స్‌బరీ ఆవులించాడు.

"అయిందా అమ్మాయ్? అయితే పిల్లను ఎక్కించు. వెనకాల పాలబండివాడు హారన్ మీదే కూర్చున్నాడు."

పిల్ల పేరు హెటీ. అయిదేళ్ళది. వేరుశెనగ రుచి నాలుకకు తగిలితే చాలు, పెదవులు ఉబ్బి గొంతు పూడుకుపోతుంది. రెండేళ్ళప్పుడు ఒకసారి అలాగే అయింది. ఆస్పత్రి రెండు వీధుల అవతలే ఉండబట్టి బతికింది. అప్పటినుంచీ తల్లి చేతిసంచిలో ఒకటి, బడిలో వేశాక పిల్ల ఎక్కే బస్సులో ఒకటి, పెన్నులాంటి ఇంజెక్షన్లు ఉంటున్నాయి. మూత పీకి తొడకు గట్టిగా కొడితే లోపలి స్ప్రింగు సూదిని తోసి మందు ఎక్కించేస్తుంది. అంతే పని. ఆ కాస్త పని గురించే కొరీన్‌కు కంటిమీద కునుకు లేదు. ఆమె ఊళ్ళో హైస్కూల్లో కెమిస్ట్రీ చెబుతుంది. ఆ మందు అణువు బొమ్మను నల్లబల్ల మీద తడుముకోకుండా గీయగలదు. కన్నకూతురి కండలోకి దాన్ని దించడం మాత్రం ఆమె చదివిన ఏ ప్రయోగశాలలోనూ నేర్పలేదు. భర్త పెద్ద ఓడల్ని లాగే టగ్గు పడవ మీద పనిచేస్తాడు. నెలలో సగం రోజులు నీళ్ళ మీదే ఉంటాడు కాబట్టి భయం మొత్తం ఆమె ఒక్కతి వాటాకే వచ్చింది.

డెల్మార్‌ను ఆమె మొదట చూసింది బడి తెరిచే ముందు పెట్టిన మీటింగులో. పిల్ల ఎక్కే బస్సు డ్రైవరు కూడా ఆ పెన్ను వాడకం తెలుసుకోవాలని పిలిచారు. బడి నర్సు పెన్నును పూజారి హారతిపళ్ళెంలా పైకెత్తి చూపించి, "ఇది ఆధునిక వైద్యశాస్త్రం తల్లులకు ఇచ్చిన కానుక" అంది. వెనక వరసలో ఎవరో గుర్రం సకిలించినట్టు నవ్వారు.

"ఎందుకు మిస్టర్ డెల్, ఆ నవ్వు?" అంది నర్సు.

"తల్లులకిచ్చారంటేనూ! అది ఇచ్చింది మాకు తల్లీ, సిపాయిలకు. తల్లులకు దక్కింది మా ఎంగిలి."

మాట మోటుదే గానీ, అబద్ధం కాదు.

డెల్మార్ పుట్టింది మేరీలాండ్‌లో గన్‌పౌడర్ నది ఒడ్డున, పీతలు పట్టుకు బతికే ఇంట్లో. నది దిగువన సైన్యం ఆయుధాలు పరీక్షించే స్థలం ఉంది. అక్కడ ఫిరంగి పేలినప్పుడల్లా ఊళ్ళో ప్రతి అల్మారాలోనూ గిన్నెలు గలగలమంటాయి. "మన పన్నులు కాలుతున్నాయి" అంటారు ఎవరో ఒకరు. మళ్ళీ అందరూ సూపుగిన్నెలోకి తలవంచుకుంటారు. పంతొమ్మిదో ఏట సైన్యం అతన్ని పిలిచింది. ఈడువాళ్ళందరినీ వియత్నాం పంపి, ఇతన్ని మాత్రం ఆ ఫిరంగుల పక్కనే ఉంచుకుంది. "లోకం చూద్దామని వెళితే, మా అమ్మ చేపలు వేయిస్తే వాసన తగిలేంత దూరంలో పడేశారు" అని ఇప్పటికీ తిడతాడు.

అక్కడ అతని ఉద్యోగం, నరాలను పట్టేసి మనిషిని చంపే విషవాయువు వస్తే ఏం చేయాలో సిపాయిలకు నేర్పడం. విరుగుడు మందును బట్టల మీదినుంచే తొడలోకి పొడుచుకోవడానికి ఒక గొట్టం ఇచ్చేవారు. సిరంజీ నింపడం, గాలిబుడగ తీయడం, నరం వెతకడం, ఇవేవీ అక్కర్లేదు. బురదలో, చీకట్లో, చేతికి తొడుగులుండగా, భయంతో మతిపోయిన మనిషి కూడా వాడగలిగేలా చేశారు దాన్ని. సైన్యానికి సిపాయి బుర్ర మీద అంత నమ్మకం. అయినా ఆ నమ్మకాన్ని వమ్ముచేసినవాళ్ళు కోకొల్లలు. గొట్టాన్ని తలకిందులుగా పట్టుకుని బొటనవేల్లోనే పొడుచుకున్నవాళ్ళు, తమ తొడ అనుకుని పక్కవాడి తొడలో దింపినవాళ్ళు. సూది పేరు వినగానే మూర్ఛపోయిన మేజరు సంగతి చెప్పేటప్పుడు డెల్మార్ కళ్ళల్లో నీళ్ళు తిరిగేంతగా నవ్వుతాడు. ఇరవై ఏళ్ళు దాటి నేర్పాడు. అతను ఉన్నంతకాలం ఆ వాయువు అతని మనుషుల మీదికి రానేలేదు. "ఒక్క ప్రాణం కాపాడకుండా పెన్షను పుచ్చుకుంటున్న మహావీరుణ్ణి" అని తన గురించి తనే చెప్పుకుంటాడు.

బస్సు నడపడం మొదలుపెట్టాక, అతని భార్య వెర్నాకు కందిరీగ కుడితే పడదని తేలింది. కుర్ర డాక్టరు పసుపుపచ్చ గొట్టం ఒకటి తెచ్చి, కొత్తగా కనిపెట్టారని మురిసిపోతూ చూపించాడు. డెల్మార్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఆకుపచ్చ యూనిఫాం విప్పించి పసుపు గౌను తొడిగించారు. కొత్తదనం అదేనా బాబూ?"

ఈ కథ వినేసరికి కొరీన్‌కు కడుపు మండింది. పిల్ల గొంతు పూడుకుపోతోందంటే ఖజానా తలుపు తెరిచినవాడు లేడు. సిపాయి గొంతు పూడుకుపోతే యుద్ధం పోతుందని తెరిచారు. అక్కడ మనుషుల్ని చంపే వాయువు చేసినవాళ్ళే, తమవాళ్ళు మాత్రం చావకూడదని విరుగుడు గొట్టమూ చేయించుకున్నారు. అంతా జనం సొమ్ము. ఆ తరువాత లోపలి మందు మార్చి, పైన రంగు మార్చి, అట్టపెట్టె మీద నవ్వుతున్న అమ్మ బొమ్మ వేసి, తల్లులకు కానుక అన్నారు. అత్త సొమ్ము అల్లుడి దానం. ఆ అల్లుడికి చేతులెత్తి మొక్కక తప్పని స్థితి కొరీన్‌ది, ఎందుకంటే ఆ గొట్టం లేకపోతే హెటీ లేదు. అందుకే ఆ కృతజ్ఞత ఆమె గొంతుకు చేపముల్లులా అడ్డంపడింది.

అయినా శనివారాలు బస్సుల షెడ్డుకు వెళ్ళి అతని దగ్గర నేర్చుకోసాగింది. నర్సు చెప్పినట్టు పొడిచి చూడడానికి నారింజపండు పట్టుకెళ్ళింది మొదటిరోజు. డెల్మార్ దాన్ని ఒలుచుకు తినేశాడు.

"నారింజ తన్నదు అమ్మాయ్. 'అమ్మా వద్దే' అని ఏడవదు. ఇదిగో నా కాలు. పట్టుకో చూద్దాం." సూది లేని ఉత్తుత్తి పెన్ను ఆమె చేతికిచ్చి, ముసలి గుర్రంలా కాళ్ళు ఝాడించాడు.

"ముందుగా ఏది చూసుకోవాలి మిస్టర్ డెల్? పెదవా, ఒంటి మీద దద్దురా? ఒక్క దద్దురే ఉండి, మిగతావేవీ లేకపోతే?"

"అబ్బో! నీకు ముగ్గురు సాక్షులు కావాలా? కోర్టు పెట్టిస్తావా?"

"అనవసరంగా పొడిస్తే?"

"గుండె దడదడలాడుతుంది. ఏడుస్తుంది. బతికుండి ఏడుస్తుంది. పొడవకపోతే ఏమవుతుందో నీ లెక్కల్లో వేసుకో, చదువుకున్నదానివి కదా."

ఆ వెటకారం ఆమెకు మందులా పనిచేసింది. కానీ మందు పనిచేసింది అతను ఎదురుగా ఉన్నంతసేపే. ఇంటికెళ్ళి ఒక్కతే పెన్ను పట్టుకుంటే చెయ్యి మళ్ళీ చల్లబడిపోయేది. అందుకని ఆమె ఒక తెలివితక్కువ లెక్క వేసుకుంది. ముసలాయన పక్కనుంటే చాలు, పిల్లకేం కాదు. పుట్టినరోజు పండుగయినా, చర్చి విందయినా డెల్మార్ ఎక్కడ కూర్చున్నాడో చూసుకుని ఆ ఎదురుకుర్చీ లాక్కునేది. "ఏమే, నా మొగుడితో లేచిపోతావా ఏంటి? తీసుకుపో, తిండిఖర్చు తగ్గుతుంది" అనేది వెర్నా.

మే నెలాఖరులో ఊరి అగ్నిమాపక దళం వాళ్ళ ఫైర్ హాల్లో పీతల విందు. బల్లలన్నిటి మీదా పాత పేపర్లు పరిచి, ఆవిరిమీద ఉడికిన పీతల్ని గంపలతో గుమ్మరించారు. మసాలా ఎర్రగా అట్టకట్టి ఉంది. పీతల గుల్లలు పగలగొట్టే చెక్కసుత్తుల చప్పుడులో ఎవరి మాట వాళ్ళకే వినబడడం లేదు. అంబులెన్సు కుర్రాళ్ళు ఏప్రన్లు కట్టుకుని పెరట్లో పీతల కుండల దగ్గర ఉన్నారు. మిఠాయిల బల్ల మీద వేరుశెనగ పెట్టొద్దని వారం ముందే చెప్పారు. చెప్పినా వినని పుణ్యాత్మురాలు ఒకతె ఏ ఊళ్ళోనైనా ఉంటుంది. ఆమె చాక్లెట్ బిళ్ళల మధ్యలో వేరుశెనగ ముద్ద పెట్టి తెచ్చింది.

హెటీ పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, నా నాలుక మీద చీమలు పాకుతున్నాయి."

కింది పెదవి అప్పటికే ఒకపక్క ఉబ్బుతోంది. మెడ మీద ఎర్రటి దద్దుర్లు. పిల్ల దగ్గింది, ఆ దగ్గు కుక్క మొరిగినట్టుగా ఉంది. కొరీన్ సంచిలోంచి పెన్ను తీసింది. మూత పీకింది. అక్కడ చెయ్యి ఆగింది. లక్షణాల సాక్ష్యం చాలక కాదు. ఆమె తల తిప్పి బల్ల అవతలికి, డెల్మార్ వైపు చూసింది.

డెల్మార్ లేచి నిలబడ్డాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. బుగ్గలు పూరించి ఊపిరి బిగబట్టాడు. మసాలా అంటిన కుడిచెయ్యి ఎడమ తుంటి మీద దేనికోసమో తెగ వెతుకుతోంది. విషవాయువు వస్తే సిపాయి చేయాల్సిన మొదటి పనులు అవే. గాలి పీల్చకు, కళ్ళు మూసుకో, తుంటి మీది సంచిలోంచి ముసుగు లాగు. సూది సంగతి ఆ తరువాత. ఆ సంచిని సైన్యానికి అప్పగించి ఎన్నో ఏళ్ళయింది. చేతికి ఆ సంగతి తెలియదు.

"ఏమయ్యా డెల్! కళ్ళు తెరువు, దిక్కుమాలినోడా!" వెర్నా కేక పెట్టింది.

తన పిల్ల ప్రాణాన్ని ఏ కొండ నీడన దాచుకుందో, ఆ కొండ బుగ్గలు పూరించుకుని గుడ్డిగా తుంటి తడుముకుంటోంది. కొరీన్‌కు అతని మీద పుట్టిన అసహ్యానికి మాటలు లేవు. ఆ అసహ్యంలోనే చెయ్యి కదిలింది. పిల్లను ఒళ్ళోకి లాగి, ఆ చిన్నకాలిని తన రెండు మోకాళ్ళ మధ్య బిగించి, గౌను మీదినుంచే తొడకు కొట్టింది. లోపల స్ప్రింగు టక్కుమంది. హెటీ హాలు అదిరేలా కెవ్వుమంది. ఆ కేకే కొరీన్‌ను బతికించింది. కేక వేయాలంటే ముందు గాలి లోపలికి పోవాలి కదా.

ఏప్రన్లతోనే పరుగెత్తుకొచ్చిన కుర్రాళ్ళు పిల్లను బండెక్కించారు. వాళ్ళ బండిలో ఆక్సిజన్ ఉంది, ఆ మందు లేదు. ఆస్పత్రిలో ఆ రాత్రంతా ఉంచుకుని, తెల్లారి పంపించారు. మందు ప్రభావానికి హెటీ చేతులు కాసేపు వణికాయి. పొద్దున్నే పాన్‌కేకులు కావాలని ఏడ్చింది.

రెండోరోజు సాయంత్రం డెల్మార్, వెర్నా వచ్చారు. అతను మెట్లమీదే కూర్చుండిపోయాడు, లోపలికి రాలేదు. వెర్నాయే మొదలుపెట్టింది.

"కిందటేడు నన్ను కందిరీగ కుట్టినప్పుడూ ఇదే వేషం తల్లీ. నేను తోటలో పడి కొట్టుకుంటుంటే ఈయన గారు టమాటా మొక్కల మధ్య కళ్ళు మూసుకుని తపస్సు. నా సూది నేనే పొడుచుకున్నా. పొడుచుకుని, ఈయన్నీ ఓ చెంపదెబ్బ కొట్టా."

"మరి ఈ సంగతి నాకెందుకు చెప్పలేదు?" అంది కొరీన్. గొంతులో దయ లేదు.

"ఏమని చెప్పను? వందలమందికి నేర్పిన సార్జెంటుకు చేతకాదు అనా?" డెల్మార్ నేల చూపులు చూశాడు. తరువాత అతనికి అలవాటైన వెటకారం తిరిగొచ్చింది, ఈసారి తన మీదికే. "సైన్యం లెక్కలో సూది నాలుగో పని అమ్మాయ్. ముందరి మూడూ అయితేగానీ నా చెయ్యి నాలుగోదానికి పోదు. వాళ్ళు మీకు సూది ఒక్కటే అమ్ముకున్నారు. ఆ కవాతు నా ఒంట్లోనే వదిలేశారు. దాన్ని ఎవడూ కొనడు కదా."

"మిమ్మల్ని నమ్ముకుని కూర్చున్నాను మిస్టర్ డెల్."

"అదే నువ్వు చేసిన వెధవపని. పెన్ను మూత పీకాక ఎందుకు ఆగావు? చెప్పు. నీకు తెలియకనా? నన్ను చూడ్డానికి ఆగావు. నేను కళ్ళు తెరిచే ఉన్నాననుకో, బల్ల చుట్టూ తిరిగి వచ్చేసరికి ఎంతసేపు పడుతుంది? ఆ కాసేపు పిల్ల గొంతు నాకోసం తెరుచుకుని కూర్చుంటుందా?"

లోపల హెటీ బొమ్మ కుక్కకు ఇంజెక్షన్ పొడుస్తూ అరుస్తోంది.

డెల్మార్ జేబులోంచి ఉత్తుత్తి పెన్ను తీసి మెట్టు మీద పెట్టాడు. "శనివారాలు ఇక రావద్దు. నా కాలు మీద నేర్చుకున్నది నా కాలికే పనికొస్తుంది. ఆదివారం టిఫిన్ అయ్యాక పిల్లను ఒళ్ళో వేసుకుని దీంతో కొట్టు. తన్నమను దాన్ని, బాగా తన్నమను. నీ భర్త ఇంట్లో ఉంటే అతనిచేతా కొట్టించు. ఇంకొక్క మాట. నిజంగా వచ్చిననాడు ఎవరి మొహమూ చూడకు. నేనున్నా సరే, డాక్టరున్నా సరే, జనరల్ దిగొచ్చినా సరే. పెదవి చూడు, తొడ చూడు, కొట్టు. ఎవరికి బాగా తెలుసో తీరుబడిగా ఆ తరువాత అడుగు."

ఇప్పుడు కొరీన్ అలాగే చేస్తోంది. ప్రతి ఆదివారం హెటీ కాళ్ళు ఝాడిస్తుంది, ఆమె కొడుతుంది. విందులకు వెళితే ఎవరెక్కడ కూర్చున్నారో వెతకదు.