తిట్టిన పేజీకి కుంకుమ బొట్టు

ఆ రోజుల్లో పరిశోధకుడి గొప్పను తూచడానికి ఇప్పటిలాగా కంప్యూటర్లు లేవు. ఎన్ని వ్యాసాలు అచ్చయ్యాయి, వాటిని ఇంకెవరైనా తమ వ్యాసాల్లో ప్రస్తావించారా అన్నది వేళ్ల మీద లెక్కపెట్టుకునేవాళ్లం. నాకు ఒక్క వేలు చాలేది. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన కొత్తలో, కర్నూలులోనే ఒక వైద్య కళాశాలలో నేను తాత్కాలిక ఉద్యోగిని. కోయిలకుంట్ల పల్లెల్లో తిరిగి నారికురుపు (దిగుడుబావి నీళ్లు తాగితే కాల్లోంచి దారంలాంటి పురుగు బయటికొచ్చే జబ్బు) గురించి ఒక వ్యాసం రాశాను. అది ఆడవాళ్లకంటే మగవాళ్లకే ఎక్కువని అందులో ఘంటాపథంగా చెప్పాను. ఆ వయసులో నాకు అన్నీ ఘంటాపథంగానే తెలిసేవి.

ఇంతలో ఉద్యోగం పర్మనెంటు చేసే ఇంటర్వ్యూ వచ్చిపడింది. అది పోతే మూటాముల్లె సర్దుకోవాల్సిందే. అంతకంటే పెద్ద భయం మా మేనమామ. ఆయన కూతురితో నా పెళ్లికి మాటైతే అయిపోయింది కానీ, "పర్మనెంటు కానీరా, ఆమీట ముహూర్తం పెట్టిస్తా" అని మెలిక పెట్టాడు. సరిగ్గా ఇంటర్వ్యూకు ముందురోజు మా లైబ్రేరియన్ కబురుపెట్టాడు, లండన్ నుంచి వచ్చిన పత్రికలో నా పేరుందని. పత్తి అమ్ముకోవడానికి ఊళ్లోకి వచ్చిన మామ అప్పుడు నా పక్కనే ఉన్నాడు. ఇంకేముంది! నేను పత్రిక తెరిచేలోపు ఆయన బజారుకు పోయి జిలేబీ తెచ్చి లైబ్రరీ అంతా పంచాడు. "మా అల్లుని పేరు దొరల బుక్కులో పడిండాది! తినండప్పా, తినండి!" నేనూ ఒకటి నోట్లో పెట్టుకుని చదవబోయాను. మింగుడు పడలేదు. పేరు ఉన్న మాట నిజమే. 'ఈయన ఆడవాళ్లను అసలు పరీక్షించాడా? ఈ నిర్ణయాన్ని నమ్మలేం' అని దాని వెంటే ఉంది.

"యాడుండాదిరా నీ పేరు?" అన్నాడు మామ. వేలుపెట్టి చూపించాను. మిగతాది చెప్పడానికి నోరు రాలేదు. "దేవుని కాడ పెట్టి తెస్తా" అంటూ ఆయన పత్రికను చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. (జిలేబీ తిన్న లైబ్రేరియన్ వద్దని ఎలా అంటాడు?)

మర్నాడు ఇంటర్వ్యూలో ఆ పత్రిక ఊసే ఎత్తకూడదని ఒట్టు పెట్టుకుని కూర్చున్నాను. ముగ్గురు పెద్ద డాక్టర్లు. అంతా సాఫీగా సాగుతుండగా బంట్రోతు లోపలికొచ్చి, "ఈయప్ప మామంట సార్, ఈ బుక్కు మీకియ్యమన్యాడు" అని బల్ల మీద పెట్టాడు. అట్టకు నాలుగు మూలలా పసుపు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. చదువురాని మామ, పేజీ తప్పిపోకుండా సరిగ్గా నా పేరు పక్కనే రూపాయంత కుంకుమ బొట్టు పెట్టాడు. వెతికే పని లేకుండా పత్రిక అక్కడే తెరుచుకుంది. నడుమ కూర్చున్న, కడప నుంచి వచ్చిన డాక్టరుగారు కళ్లజోడు సవరించుకుని నిదానంగా చదివారు. చదివి పక్కాయనకిచ్చారు. ఆయన చదివి మూడో ఆయనకిచ్చారు. ఉద్యోగం పోయింది, మరదలు పోయింది అనుకున్నాను.

"ఈ బొట్టు పెట్టినాయనకు ఈడ ఏం రాసిండాదో తెల్సునా?" అన్నారు కడప డాక్టరుగారు.

"తెలీదు సార్."

"నువ్వు ఆడోళ్ల కాళ్లు చూసినావా?"

"లేదు సార్. నన్ను చూస్తానే కుచ్చిళ్లు కాళ్లమీదికి లాక్కుని లోపలికి పోయినారు. మగోళ్లను అడిగితే, మా ఆడోళ్లకేం ల్యాదు పో అన్యారు. అదే రాసినా."

కడప డాక్టరుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "గట్టిగా చూస్తానన్నింటే నీ కాళ్లే ఇరగ్గొట్టింటారు!" నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. "ఏమప్పా, దొర తిట్టినాడని దిగులుపడొద్దు. చదివినాడు గాబట్టే తిట్టినాడు. మేం రాసినవాటిని తిట్టేదానికి గూడా ఎవురూ చదవల్యా. మళ్లా పోయి, ఆడోళ్లను చూసి జవాబు రాయి."

బయట మామ నా మొహం చూసి, "ఏమన్యార్రా?" అన్నాడు కంగారుగా. మళ్లీ పల్లెలకు పొమ్మన్నారని, ఉద్యోగం ఇచ్చినట్టేనని చెప్పాను. "బొట్టు మహిమరా!" అన్నాడు. కాదనలేకపోయాను.

పెళ్లయ్యాక మా ఆవిడ నాతో పల్లెలకు వచ్చింది. ఆమె అరుగు మీద కూర్చుని నాలుగు మాటలు కలిపితే చాలు, కుచ్చిళ్లు వాటంతటవే పైకి లేచేవి. నారికురుపు ఆడవాళ్లకూ అంతే ఉందని తేలింది. నా మొదటి వ్యాసం తప్పని నా రెండో వ్యాసమే చాటింది.

ఆ తర్వాత చాలా రాశాను. ఇప్పటివాళ్లు నన్ను ప్రస్తావిస్తారు, పదిమంది పేర్ల మధ్య మర్యాదగా ఇరికించి ముందుకు పోతారు. ఇప్పటికీ పత్రిక వస్తే నా పేరు వెతుక్కుంటాను. అది దొరికాక, దాని పక్కన ఎవరైనా నన్ను తిట్టారేమోనని ఆశగా చూస్తాను. ఎవరూ తిట్టరు. నాలో నేనే నవ్వుకుని పత్రిక మూసేస్తాను.