నాంపెల్లి గెలిచిన కేసు

మెడలో స్టెతస్కోపు, చంకలో కేసు కాగితాల సంచి. హుజూరాబాద్ బస్టాండులో అలా కనిపించేవాడు నాంపెల్లి ఒక్కడే. శవం కోసే పరీక్ష వరసగా తప్పాడని వైద్య కళాశాల తీసేస్తే, ఊళ్లో ‘డాక్టర్ సాబ్’ అనే పిలుపు పోగొట్టుకోలేక కోర్టుకెక్కాడు. ఎవరైనా దగ్గుతూ వచ్చి చెయ్యి చాపితే, “కేసు కోర్టుల ఉన్నది, ఇప్పుడు నాడి పట్టద్దు” అని హుందాగా చెప్పేవాడు. మేకను కోసే దుకాణం ఎదురైతే మాత్రం కళ్లు మూసుకుని దాటేవాడు. ఆ రోజు అతని కేసు వాదించిన సత్తార్ వకీలు బస్సు దిగుతూనే, “గెల్చినవ్ నాంపెల్లీ! రేపే కాలేజీకి పో. మళ్ల పరీక్ష పెడ్తరట, శవం గూడ తయారుగ ఉన్నదట” అన్నాడు. నాంపెల్లి బెంచీ మీద కూలబడి, వకీలు చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“గెల్చినోళ్లు గూడ అపీలుకు పోవచ్చునా, వకీల్ సాబ్?”