రజాయిల గదిలో ఏడ్చిన పాప

1986 వేసవి. అప్పట్లో నేను హైదరాబాదు పాత బస్తీలో, హుస్సేనీ ఆలంలోని ఒక చిన్న డబ్బింగ్ స్టూడియోలో రికార్డిస్టుగా పనిచేస్తున్నాను. స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక పాత ఇంటి మేడ మీద రెండు గదులు, అంతే. లోపలి గదిలో మైకు, టీవీ. బయటి గదిలో టేపు మిషన్లు, స్పీకర్లు, నేను. మధ్యలో మందపాటి గాజు కిటికీ. మాది తెనాలి వైపు. మద్రాసులో సహాయకుడిగా పని నేర్చుకున్నాను. నా భార్యకు హైదరాబాదులో ప్రభుత్వోద్యోగం రావడంతో ఇటు వచ్చి పడ్డాను.

స్టూడియో యజమాని ఖలీల్ భాయ్ గల్ఫులో చాలాకాలం వీడియో దుకాణంలో పనిచేసి వచ్చాడు. అక్కడి పిల్లలు అన్నం మానేసి చూసే జపాన్ బొమ్మల సీరియల్ ఒకటి ఆయనకు బాగా నచ్చింది. అరబ్బీలో డబ్ అయిన ఆ క్యాసెట్లను పట్టుకొచ్చి, తెలుగులోనూ ఉర్దూలోనూ తయారుచేసి వీడియో లైబ్రరీలకు ఇవ్వాలని ఆయన ఆలోచన. కథ చిన్నదే. రేవు ఊళ్ళో ఉండే ఓ చిన్నపిల్లను బొమ్మలాట వాడొకడు ఎత్తుకుపోతాడు. ఆ పిల్ల వాడి నుంచి తప్పించుకుని ఊరూరా అమ్మను వెతుక్కుంటుంది.

జపాన్ మాట మాలో ఎవరికీ రాదు. ఖలీల్ భాయ్ అరబ్బీ విని ఉర్దూలో చెప్పేవాడు. దాన్ని నేనూ, ఆ పిల్లకు గొంతు ఇచ్చే సుగుణమ్మా కలిసి తెలుగు చేసుకునేవాళ్ళం. సుగుణమ్మది మూసీ అవతలి కార్వాన్. నాటకాలాడిన మనిషి, నలభైకి దగ్గర. చిన్నపిల్లల పాత్రలకు ఎక్కడైనా ఆడవాళ్ళే గొంతు ఇస్తారు, ఎందుకంటే పసివాళ్ళను గంటలకొద్దీ మైకు ముందు నిలబెట్టలేం. బొమ్మల నోళ్ళు తెరుచుకోవడం, మూసుకోవడం తప్ప ఇంకేం చెయ్యవు కనక లిప్ సింక్, అంటే పెదవుల కదలికకు మాట కలపడం, తేలిక అనుకుంటారు. మాటలు కలపడం తేలికే. ఏడుపు కలపడం కష్టం. వెక్కిళ్ళు, ఎగశ్వాస, మాట మధ్యలో తెగిపోవడం, ఇవన్నీ బొమ్మ ఊపిరితో పాటే రావాలి. అందుకని చిన్న ముక్కను మళ్ళీ మళ్ళీ తిప్పి వేస్తాం. దాన్ని లూప్ అంటాం.

ఆ వేసవిలో పాత బస్తీ అంతటా ఒక పుకారు పాకింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠా దిగిందట. ఒకరు బిచ్చగాళ్ళ వేషం అన్నారు, ఇంకొకరు సాధువులన్నారు. ముఠాను కళ్ళారా చూసినవాళ్ళు లేరు, భయపడనివాళ్ళూ లేరు. పిల్లలను గల్లీల్లో ఆడుకోనివ్వడం మానేశారు. ఒకరోజు పొద్దున్నే పురానాపూల్ వంతెన దాటి వస్తుంటే, స్తంభానికి కట్టేసిన ఒక ముసలాయనను జనం కొడుతున్నారు. ఆయన చేసిందల్లా ఎవరి పిల్లకో బిస్కెట్టు ఇవ్వడమేనట. నేను సైకిలు ఆపలేదు. ఆ దెబ్బల చప్పుడు మాత్రం స్టూడియో దాకా నా చెవుల్లో మోగుతూనే ఉంది.

ఆ వారంలోనే మాకు కొట్టం సీను వచ్చింది. బొమ్మలాట వాడు పిల్లను చీకటి కొట్టంలో వేసి తాళం పెడతాడు. పిల్ల తలుపు బాదుతూ ఏడుస్తుంది. "తలుపు తియ్యండి! అమ్మా! నన్ను మా అమ్మ దగ్గరికి పంపండి!" అంతే మాటలు. సుగుణమ్మ చాలాసార్లు చెప్పింది. బాగానే ఉంది కానీ ఒకచోట ఊపిరి కలవలేదు, ఇంకోచోట అరుపు పెద్దదై, గొంతు ఎంత పెద్దదో చూపే మిషన్ మీది సూది ఎర్రగీత దాటింది. మైకులో చప్పుడు వస్తుందని ఫ్యాను ఆపేస్తాం కనక లోపల ఉడికిపోతోంది. ఆమె చీర కొంగుతో ముఖం తుడుచుకుని, "ఇంకొక్కసారి చేస్త సారూ" అని కళ్ళు మూసుకుంది.

ఆ టేకు నాకిప్పటికీ గుర్తే. మెడ మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఖలీల్ భాయ్ కూడా నా వెనక నిలబడి "యా అల్లా" అన్నాడు. మళ్ళీ వినాలని, బొమ్మతో కలిసిందో లేదో చూడాలని బయటి గది స్పీకర్లలో పెద్దగా పెట్టి కొన్నిసార్లు తిప్పాం. ఆ గదిలో పైన వెలుతురు కోసం పెట్టిన రోషన్‌దాన్ అద్దం పగిలి ఉందని మాకెవరికీ తెలియదు. అంతలో కరెంటు పోయింది. మిషన్ మూలుగుతూ ఆగింది.

ఆ నిశ్శబ్దంలో కింద గల్లీలోంచి జనం గోల వినబడింది. వెంటనే వీధి తలుపు మీద దబదబా దెబ్బలు.

"పిల్లను దాచిన్రు లోపల! తలుపు తియ్యున్రి!"

ఖలీల్ భాయ్ ముఖంలో రక్తం లేదు. "సారూ, మీరు నక్కో ఉతరో, కిందికి దిగొద్దు. నేను మాట్లాడుతా" అని మెట్లు దిగాడు. ఆయన గడియ తీశాడో, వాళ్ళే విరగ్గొట్టారో తెలియదు. మెట్ల మీద ఒక్కసారిగా అడుగుల మోత. ముందుగా పైకి వచ్చింది ఒక ఆడమనిషి. జుట్టు ముడి ఊడిపోయి ఉంది, కాళ్ళకు చెప్పులు లేవు. ఆమె పేరు యాదమ్మ అని తర్వాత తెలిసింది, పక్క గల్లీలో పూలు కట్టి అమ్ముతుంది. పొద్దుటి నుంచి ఆమె కూతురు మల్లిక కనబడడం లేదు.

"నా బిడ్డ గొంతే గది! నా చెవులతోని ఇన్న! అమ్మా అమ్మా అని మొత్తుకున్నది. ఏడుంది నా బిడ్డ?"

ఆమె వెనక కర్రలతో మగవాళ్ళు. మల్లయ్య అనే భారీ మనిషి, ఆ గల్లీలో అందరూ ఆయన మాట వింటారు, లోపలి గది తలుపు తోశాడు. ఆ గదిని వాళ్ళ కళ్ళతో చూడడం నాకదే మొదటిసారి. ఒక తలుపు వెనక ఇంకో తలుపు. వీధి వైపు కిటికీల్లేవు. నాలుగు గోడలకూ మేకులు కొట్టి బిగించిన పాత రజాయిలు, దూది బొంతలు. చప్పుడు గోడలకు తగిలి తిరిగి రాకుండా మేం కట్టుకున్న ఏర్పాటు అది.

"గీ గోడలకు రజాయిలేంది?" అన్నాడు మల్లయ్య, మెల్లగా. "పిల్లలు మొత్తుకుంటే బయటికి ఇనబడొద్దనా?"

"కాదండీ, ఇది డబ్బింగ్ స్టూడియో అండీ. బొమ్మల సినిమాకి మాటలు..."

నా యాస వినగానే ఒకడు కాలరు పట్టుకున్నాడు. "ఏ ఊరోడివిరా నువ్వు? ఈడ నీకేం పని?"

"టేపులో ఉందండీ ఆ ఏడుపు. కరెంటు రానివ్వండి, వినిపిస్తాను. టీవీలో బొమ్మ కూడా..."

"కరెంటు వచ్చేదాంక నువ్వు మాకు కథలు చెప్తవా?"

నా చొక్కా గుండీలు తెగాయి. వీపు మీద దెబ్బ పడింది. స్తంభానికి కట్టేసిన ముసలాయన కళ్ళ ముందు మెదిలాడు. నా భార్యకు ఎవరు చెబుతారు, ఏమని చెబుతారు అని ఆలోచించాను. బల్ల కింద, బీరువా వెనక, రజాయిల వెనక కూడా చేతులు పెట్టి వెతుకుతున్నారు. దొరక్కపోయేసరికి వాళ్ళ కోపం తగ్గలేదు, పెరిగింది. పిల్లను ఎటో దాటించేశామని నిర్ణయించుకున్నారు.

అప్పటిదాకా మూలన నిలబడ్డ సుగుణమ్మ ముందుకొచ్చింది. "గా గొంతు నాదే అన్నా. నేనే ఏడ్చిన."

ఎవరో వెటకారంగా నవ్వారు. "ఏదీ, ఏడువు సూద్దాం!"

ఆమె నోరు తెరిచింది. గొంతు పెగల్లేదు. పొద్దుటి నుంచి అరిచి అరిచి జీరపోయింది, పైగా భయం. రెండోసారి గాలి తప్ప ఏమీ రాలేదు. "అబద్ధం చెప్తుంది" అని మెట్ల మీంచి కేకలు. ఒకడు కర్ర పైకెత్తాడు. ఖలీల్ భాయ్ చేతులు అడ్డం పెట్టుకుని, "ఖుదా కసమ్, ఔరత్ మీద, ఆడదాని మీద చెయ్యెత్తకు భాయ్!" అని అరుస్తున్నాడు.

సుగుణమ్మ ఆ కర్రవైపు చూడలేదు. యాదమ్మ దగ్గరకు వెళ్ళి నేల మీద కూర్చుంది. ఆమె చెయ్యి పట్టుకుని కిందికి కూర్చోబెట్టుకుంది.

"నీ బిడ్డకు ఎన్నేండ్లు చెల్లె?"

"ఆరు."

"నా దిక్కు సూడకు. కండ్లు మూసుకో."

తనూ కళ్ళు మూసుకుంది. కాసేపు ఊపిరి తీసుకుంది. తర్వాత ఆ నలభై ఏళ్ళ మనిషి నోట్లోంచి చిన్నపిల్ల ఏడ్చింది. "తలుపు తియ్యండి! అమ్మా!" వెక్కిళ్ళు, తెగిన ఊపిరి, అన్నీ. నా కాలరు మీది చెయ్యి దానంతటదే వదులైంది.

యాదమ్మ కళ్ళు తెరిచి ఒక్క ఉదుటున వెనక్కి తిరిగింది. తలుపు వైపు, బల్ల కింద, రజాయిల వైపు వెతికింది. ఆ తర్వాత మెల్లగా సుగుణమ్మ పెదవుల వైపు చూసింది. అర్థమైంది. చెయ్యి చాచి సుగుణమ్మ నోటిని గట్టిగా మూసింది.

"ఇగ అనకు అక్కా. నీ కాళ్ళు మొక్కుత, ఇగ అనకు."

అప్పటిదాకా ఆమె దగ్గర ఒక ఆశ ఉంది. బిడ్డ ఈ మేడ మీదే ఉందని, తలుపు పగలగొడితే దొరుకుతుందని. మమ్మల్ని కాపాడిన గొంతే ఆ ఆశను తీసేసింది. ఆమె ఏడవలేదు. నేల మీద అలా కూర్చుండిపోయింది. నా ఒంటి మీది భయం తగ్గుతుంటే అది ఆమె ముఖంలోకి ఎక్కడం చూశాను.

మల్లయ్య కర్ర గోడకు ఆనించి, "తప్పైంది సారూ" అన్నాడు. సుగుణమ్మ ఆ మాట విననట్టే లేచి నిలబడింది.

"కూసుంటే పిల్ల రాదు. పాండ్రి, ఎతుకుదాం. పొద్దుగాల ఎటు దిక్కు పోయిందో ఎవరన్న సూసిన్రా?"

పెళ్ళి బ్యాండు వెనక పిల్లలు పోయారని ఎవరో అన్నారు. బ్యాండు పురానాపూల్ దాటి కార్వాన్ వైపు పోయిందట. కర్రలు పట్టుకొచ్చిన జనమే ఇప్పుడు నాతో కలిసి నడిచారు. కార్వాన్‌లో సుగుణమ్మకు తెలియని గడప లేదు. ఒక్కో తలుపూ కొట్టి అడుగుతూ పోయింది. పొద్దు వాలుతుండగా ఒక పాలవాళ్ళ ఇంటి తలుపు బెత్తెడు తెరుచుకుంది. లోపల ఇల్లాలు సుగుణమ్మను గుర్తుపట్టింది, కానీ వెనకున్న జనాన్ని చూసి తలుపు మూయబోయింది.

"నేనే వదినా, భయపడకు. ఒక పిల్ల తప్పిపోయింది."

ఇల్లాలు ఏడుపు అందుకుంది. "మా ఇంట్లనే ఉన్నది. బ్యాండు ఎనక ఒచ్చి తొవ్వ తప్పింది. అన్నం పెట్టి పండవెట్టిన. తీస్కపోయి అప్పజెప్పమంటే మా ఆయన ఒద్దన్నడు. ఏడుస్తున్న పిల్లను పట్టుకొని బజార్ల నడిస్తే మమ్మల్నే కొట్టి సంపుతరని."

మల్లయ్య తల దించుకున్నాడు. యాదమ్మ అందరినీ తోసుకుని లోపలికి పోయింది. నిద్రపోతున్న బిడ్డను ఎత్తుకుని, మొదట నోటి దగ్గర చెవి పెట్టి ఊపిరి విన్నది.

సీరియల్ పూర్తయింది. ఖలీల్ భాయ్ మొదటి క్యాసెట్ వేసినప్పుడు గల్లీ వాళ్ళనందరినీ మేడ మీదికి పిలిచాడు. యాదమ్మ మల్లికను ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చుంది. బొమ్మలు గెంతుతుంటే మల్లిక చప్పట్లు కొట్టింది. కొట్టం సీను రాగానే యాదమ్మ పిల్లను చంకనెత్తుకుని మెట్ల మీదికి వెళ్ళిపోయింది. నేను వెనకాలే వెళ్ళి, "అది సుగుణమ్మ గొంతే కదమ్మా, నీ బిడ్డ నీ చేతుల్లోనే ఉంది" అన్నాను.

"తెల్సు సారూ," అంది, పిల్ల తల నిమురుతూ. "తెల్సినా ఇనలేను."

తర్వాత చాలా ఏళ్ళు ఈ పనిలోనే ఉన్నాను. ఏడుపు సీను వచ్చిన రోజు ముందుగా చుట్టుపక్కల ఇళ్ళకు వెళ్ళి చెప్పి వస్తాను. కొత్తగా చేరినవాళ్ళు నవ్వుతారు. వాళ్ళకు ఒకటే చెబుతాను. మన మిషన్ మీది సూది గొంతు ఎంత పెద్దదో చూపిస్తుంది. వినేవాళ్ళు అప్పటికే ఎంత భయపడి ఉన్నారో దానికి తెలియదు. అది మనమే తెలుసుకోవాలి.