తెరుచుకోని లేసు డిజైన్లు

ఈ రోజు నరసాపురంలో మా కంప్యూటర్ షాపుకి, లేసు అల్లిక నేర్పే సత్యవతిగారు ఒక సీడీ తెచ్చారు. ఆవిడ ఇన్నేళ్ళూ గీసిన డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయి. వాటిని గీసిన పాత కంప్యూటర్ కాలిపోయింది. అందులోని సాఫ్ట్‌వేర్ ఇప్పుడు దొరకదు, ఆ ఫైళ్ళు వేరే దేంట్లోనూ తెరుచుకోవు.

ఫైలు లోపలి అమరిక కనిపెట్టి, వాటిని వేరే రకంలోకి మార్చడం నాకు చేతనవును. కానీ అలా విప్పి చూడకూడదని ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ లైసెన్సులో ఉంది. తెలిసిన లాయరుగారికి ఫోన్ చేశాను.

"చట్టం ఒప్పుకోవచ్చండి. కానీ కంపెనీవాళ్ళు నోటీసు పంపితే కోర్టు చుట్టూ తిరగాల్సింది మీరే," అన్నారాయన.

అదే ఆవిడకి చెప్పాను.

"గీసింది నేనే కదండీ. మరి ఎవర్ని అడగాలి?" అన్నారు.

సీడీ తిరిగి ఇచ్చేశాను. ఆవిడ దాన్ని కొంగుతో తుడిచి, సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

చేతనైన పని చెయ్యకుండా మనిషిని వెనక్కి పంపడం నాకిదే మొదటిసారి. మీరైతే ఏం చేసేవారు?