రెప్ప వెయ్యనన్న జగదాంబ

గోల్‌మురి తెలుగు బస్తీలో జగదాంబ కడుపు మండించే వస్తువు ఒక్కటే: పక్కింటి పోలమ్మ నల్ల కళ్ళద్దాలు. శుక్లాల ఆపరేషన్ అయిన నాటి నుంచి పోలమ్మ గడపలో కూర్చుని, వీధి చివర మనిషిని కూడా గుర్తుపట్టేస్తోంది.

“ఒరే ధర్మరాజూ, లుంగీ తిరగేసి కట్టావురా!” అని పోలమ్మ అరిస్తే, జగదాంబకు లుంగీ మాట అలా ఉంచి, ధర్మరాజే కనబడడు. అయినా “నానూ సూసాన్లే” అంటుంది.

ఆవిడ కుడికన్ను పూర్తిగా మబ్బేసింది. ఎడమది అదే దారిలో ఉంది. మొన్న ఉప్పనుకుని పప్పులో బొంబాయి రవ్వ పోసింది. ఇంట్లో అందరూ కిక్కురుమనకుండా తిన్నారు.

తప్పు ఆవిడదే. డెబ్బై దాటినవాళ్ళకు ఉచిత వైద్యమని సర్కారు ఆయుష్మాన్ కార్డులిచ్చే క్యాంపు పెట్టినప్పుడు, పోలమ్మ వచ్చి పిలిచింది.

“మీయాయన ఠేకా కూలీ, నువ్వెల్లు. మాయన పర్మినెంటు. మాకు కంపెనీ ఆస్పత్రుంది” అంది జగదాంబ.

ఆదిత్యపూర్‌లో ఆయన పనిచేసిన కార్ఖానా ఎన్నడో మూతపడింది. ఆస్పత్రిలో ఇప్పుడు పెళ్ళి టెంట్లు దాస్తున్నారు. ఆయన కూడా పోయాడు. పర్మినెంటు ఒక్కటే ఆవిడ నోట్లో ఇంకా రిటైర్ కాలేదు. పైగా పోలమ్మ కార్డు మీది ఫోటోలో కళ్ళు సగం మూసుకుపోయాయని వారంపాటు నవ్వింది.

చివరికి ఒక సాయంత్రం సూదితో కుస్తీ పడుతుంటే పోలమ్మ చెయ్యి చాచింది. “ఇటియ్యి ఒదినా, దారం నానెక్కిత్తాను.”

ఆ రాత్రి జగదాంబకు అన్నం సయించలేదు. తెల్లారగానే పట్టుచీర కట్టి, మనవరాలు యోగితను తోడు తీసుకుని, కార్డులు చేసే ప్రజ్ఞా కేంద్రానికి బయలుదేరింది. పిలవకపోయినా పోలమ్మ వెనకే నడిచింది.

ఏళ్ళ తరబడి గిన్నెలు తోమిన వేళ్ళు మరి, ముద్రలు పడలేదు. అక్కడి కుర్రవాడు మొహానికెదురుగా ఫోను పట్టుకుని, ఒకసారి రెప్ప వేయమన్నాడు.

“దాదీ, పలక్ ఝపకావో” అని యోగిత కూడా చెప్పింది.

జగదాంబ కళ్ళు అమ్మవారి విగ్రహంలా విప్పార్చుకుని కూర్చుంది. “నానెయ్యను. ఈ పోలమ్మలాగ కార్డులో కునికిపాట్లు పడతన్నట్టుండాలేటి?”

కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, రెప్ప మాత్రం వాలదు. ఫోను ఎన్నిసార్లు చూసినా ఒప్పుకోదు. వెనక వరుస సణుగుతోంది. కుర్రవాడు విసిగి, రేపు రమ్మన్నాడు. కార్డు లేనిదే ఆపరేషన్ లేదు.

పోలమ్మ ముందుకు వచ్చింది. “ఒదినా, అది ఫోటో కాదు. నువ్వు బతికున్న మనిషివో, పటానివో సూత్తంది. పటమనుకుంటే నీకు కార్డు రాదు, కన్నూ రాదు. నానైతే వచ్చే నెల్లో రెండో కన్ను కూడా సేయించేసుకుంటాను.”

“రెండోదా?”

ఆ అదిరిపాటుకు జగదాంబ రెప్పలు టపటపా కొట్టుకున్నాయి. ఫోను ఒప్పుకుంది.

ఆపరేషనయ్యాక కట్టు విప్పిన రోజున పోలమ్మే ఎదురుగా నిలబడింది. జగదాంబ ఆమెను ఎగాదిగా చూసింది.

“ఒదినా, నీ మొకం మీద ఇన్ని ముడతలెప్పుడొచ్చాయే?”

“అద్దం తెమ్మంటావేటి?”

“ఒద్దులే. ఇయ్యాల్టికి నిన్నే సూడనీ.”