కొమ్ము పిడికి జోడు

ఆ రోజుల్లో ఆదివారం అంటే నాకు హడలు. లోకమంతా ఆదివారం కోసం ఎదురుచూస్తుంటే నేను సోమవారం కోసం చూసేవాణ్ణి. ఇరవై మూడేళ్ళ వయసు. రాష్ట్రం కొత్తగా ఏర్పడి రాయ్‌పూర్ రాజధాని అయిన కాలం. టాటీబంధ్‌లో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం, తెలీబంధాలో మేడమీద ఒక గది. మాది పాతపట్నం దగ్గర పల్లె. నాది బళ్ళో నేర్చుకున్న హిందీ కాబట్టి అక్కడ ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఆరు రోజులూ లారీ నంబర్లు, సరుకు బరువులు అయినా మాట్లాడేవాణ్ణి, ఆదివారం అవీ ఉండేవి కావు. గొంతు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి గదిలో కూర్చుని ఎక్కాలు అప్పజెప్పుకున్న ఆదివారాలు కూడా ఉన్నాయి (పంతొమ్మిదో ఎక్కం దగ్గర ఇప్పటికీ తడబడతాను).

అలాంటి ఒక ఆదివారం దుప్పటి కొనుక్కుందామని పండరీ బజారుకి వెళ్ళాను. బట్టల కొట్ల ముందు పేవ్‌మెంటు మీద ఒకడు పాత సామాను పరుచుకుని కూర్చున్నాడు. తుప్పు తాళాలు, విరిగిన కళ్ళద్దాల మధ్య నల్లగా నిగనిగలాడుతూ రెండు చెక్కలు, ఒక్కోదాని మీద ఒక్కో నెమలి. చూడగానే గుర్తుపట్టాను, పర్లాకిమిడి కొమ్ము పని! గేదె కొమ్ముతో దువ్వెనలు, కొంగలు, నెమళ్ళు చేసే పని మా వైపు ఎరగని ఇల్లు లేదు. అంత దూరంలో అది కనబడేసరికి చుట్టం ఎదురైనట్టయింది. అదేమిటో, ఎందుకు పనికొస్తుందో అడక్కుండా కొనేశాను. దుప్పటి మరో నెలకి వాయిదా పడింది.

మర్నాడు ఆఫీసులో ఒక లారీ డ్రైవర్ వాటిని తిప్పి చూసి, “అరే, యే తో పిస్తోల్ కా దస్తా హై” అన్నాడు. రివాల్వర్ పిడికి రెండువైపులా బిగించే చెక్కలన్నమాట. అయితే వీటికి సరిపడే పాత రివాల్వర్ ఎక్కడ దొరుకుతుందని అమాయకంగా నలుగురినీ అడిగాను. దాంతో నా హోదా అమాంతం పెరిగింది. అప్పటిదాకా ‘ఏయ్’ అని పిలిచే మేనేజరు ‘ఆప్’ అని మన్నించడం మొదలుపెట్టాడు. పొద్దున్న ఏడింటికే నీళ్ళ మోటారు కట్టేసే ఇంటావిడ నా స్నానం అయ్యేదాకా ఉంచసాగింది. కానీ మధ్యాహ్నం నా పక్కన కూర్చుని డబ్బా విప్పే ఒకే ఒక్క మనిషి కూడా బెంచీ మార్చేశాడు. గౌరవం దొరికింది, ఉన్న ఒక్క తోడూ పోయింది.

చివరికి ఆ డ్రైవరే పాత బజారులో ఒక తుపాకుల కొట్టు చెప్పాడు. అక్కడ తలుపు పక్కన ఒక ముసలాయన ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలతో ఏదో ఇనప ముక్కకి ఆకురాయి పెడుతున్నారు. నా హిందీలో సగం వాక్యం అయ్యేసరికి తలెత్తి, “తెలుగోడివేటి?” అన్నారు.

చెప్పడానికి సిగ్గేమిటి, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన నాన్న విజయనగరం నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. ఈయన రైల్వేలో కాకుండా తుపాకుల మరమ్మతులో పడ్డారు. తాతగారూ అని పిలవడం మొదలుపెట్టాను. చెక్కల్ని చేత్తో తూచి చూసి పకపకా నవ్వారు. “బాగుంది బాబూ! ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. మరి లైసెన్స్ ఉందేటి?”

“లేదండి.”

“అయితే రివాల్వర్ ముట్టుకుంటే సీదా అందర్, జైలుకే. మా కొట్టుకీ తాళమే. చూడ్డం వరకే. ఎవలిదైనా పిడి విరిగిన రివాల్వర్ మరమ్మత్తుకి వచ్చి, ఇవి దానికి కుదిరితే వాళ్ళకి ఇచ్చెయ్యి. చాలా?”

చాలన్నాను. నా కొమ్ము నెమళ్ళు దేశంకాని దేశంలో దిక్కులేకుండా పడి ఉండకూడదని పైకి చెప్పాను. ఆ మాట ఆయనకి నచ్చింది. “పద, వచ్చే ఇత్వార్ నుంచి వెతుకుదాం” అన్నారు.

ఇక ప్రతి ఆదివారం వెతుకులాట. తాతగారు రివాల్వర్ తీసేముందు “చేతులు వెనక్కి కట్టుకో” అనేవారు. నేను పలకా బలపం లేని రెండో తరగతి పిల్లాడిలా నిలబడేవాణ్ణి. ఒకదానికి మర రంధ్రం కిందికి ఉండేది, ఒకదాని పిడి గుండ్రంగా ఉండేది, ఒకదానికి మన నెమలి తోక బయటికొచ్చేది. ఆ కొలతలు చూడ్డం ఐదు నిమిషాలు. తర్వాత రెండు గంటలు టీ, కబుర్లు. ఆయన మనవలకి తెలుగు రాదు. “చింతపండు పులుసు అంటే ‘క్యా హై దాదా’ అంటారు బాబూ. ఇంట్లో నాకు తెలుగు అంటే దేవుడితో మాట్లాడేదే, ఆయన జవాబివ్వడు” అనేవారు. అందుకే కాబోలు, నేను పులుసు గురించి చెబితే కళ్ళు మూసుకుని వినేవారు.

ఇంతలో ఎన్నికలు వచ్చాయి. ఎన్నికలంటే లైసెన్సు ఉన్నవాళ్ళంతా తుపాకులు తెచ్చి పోలీస్ స్టేషన్‌లోనో, ఇలాంటి కొట్లలోనో జమ చేయాలి. చుట్టుపక్కల ఊళ్ళ మాల్‌గుజార్ల (అక్కడి పాత భూస్వాముల) ఇళ్ళ నుంచి తాతల నాటి తుపాకులన్నీ దిగాయి. ఓటరు జాబితాలో పేరైనా లేకుండా ఎన్నికల కోసం అంతగా ఎదురుచూసినవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఆ ఆదివారం తాతగారు గుమ్మంలోనే, “దొరికింది బాబూ!” అని కేకేశారు. ఒక మాల్‌గుజార్ గారి పాత రివాల్వర్, పిడి ఒకవైపు విరిగింది, ఏదో ఒకటి వేసి ఇమ్మన్నారట. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను. ఆయన నా చెక్కలు రెండూ ఆనించి, మర బిగించి, దీపం కిందికి తీసుకెళ్ళారు. “చూడు, పుట్టినప్పట్నుంచీ దీనివే” అన్నారు.

నిజమే. గోరు దూరే సందు కూడా లేదు. నాకు సంతోషం రావాలి, రాలేదు. వచ్చే ఆదివారం ఏం చెప్పుకుని ఇక్కడికి వస్తాను? ఆ కొట్టుకీ నాకూ మధ్య ఉన్నది ఆ రెండు చెక్కలే. మళ్ళీ గదిలో ఎక్కాలేనా?

“లేదు తాతగారూ, కింద కొంచెం సందుంది” అన్నాను. అదీ నలభై ఏళ్ళుగా అదే పని చేస్తున్న మనిషితో!

ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, రివాల్వర్‌ని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత నన్ను చూశారు, ఇంకా ఎక్కువసేపు. “అవునవును, సందుంది. నా కళ్ళు కమ్‌జోర్ అయిపోయేయి” అంటూ మర విప్పడం మొదలుపెట్టారు. “ఇత్వార్‌కి రా. ఇంకోటి చూద్దాం.”

మాల్‌గుజార్ గారికి మామూలు టేకు పిడి వెళ్ళింది. మేం ఆ తర్వాత ఇంకో మూడేళ్ళు వెతికాం. ఒక ఆదివారం కొట్టు మెట్లెక్కాక జేబు తడుముకుంటే చెక్కలు లేవు, గదిలో మరిచిపోయాను. పరుగున వెళ్ళి తెచ్చుకుందామని వెనక్కి తిరిగాను. లోపల్నుంచి తాతగారు, “ఎక్కడికి పోతన్నావు? టీ చల్లారిపోతంది” అన్నారు. కూర్చున్నాను. రెండు గంటలూ అయ్యాయి, ఆయన పిడి సంగతే ఎత్తలేదు. నేనే ఆగలేక, “అవి మరిచిపోయాను తాతగారూ” అన్నాను. “ఏవి?” అన్నారాయన.

ఇప్పటికీ తలుచుకుంటే ఆ కుర్రాడి మీద నవ్వూ జాలీ కలిసి వస్తాయి. ‘ఊరికే వచ్చాను తాతగారూ’ అంటే సరిపోయేదానికి, చూపు తగ్గిన పెద్దాయన చేత ఎన్ని రివాల్వర్లు విప్పించాడో!