వేన్నీళ్ల పున్నారావు గారు

హెలెన్స్‌బర్గ్ దగ్గర అడవిలో ఉన్న బౌద్ధ ఆశ్రమానికి ఆదివారం ఎవరొచ్చినా ముందు కనబడేది పున్నారావు గారే. పంచె మీద ఉన్ని కోటు, చెవులకు మఫ్లరు. చేతికర్ర ఎత్తి కప్పు మీద నీళ్లు కాచే సోలార్ పలకలు చూపిస్తారు. “మా ఊళ్లో మొట్టమొదటి గోబర్ గ్యాస్ పొయ్యి పెట్టించింది నేనే. చదివింది వీధిబడి. ఇక్కడ కట్టెల బాయిలరు పీకించిందీ నేనే. ఇప్పుడు ఒక్క చెట్టుకి గొడ్డలి దెబ్బ లేదు!” అని నీళ్ల గొట్టం మీద అరచెయ్యి ఆనించి, వేడి తగలగానే మీసం దువ్వుకుంటారు.

ఆ దేశంలో చలి జూన్‌లోనే మొదలు. పలకలు పెట్టాక వచ్చిన మొదటి చలికాలం, తొంభై ఒకటి జూన్‌లో, వారమంతా వాన. ఆ ఆదివారం గొట్టం మంచుగడ్డలా తగిలింది. స్నానాల గదిలోంచి ముసలి భిక్షువు దగ్గుతూ, వణుకుతూ వచ్చారు. తమకు ఫలానాది కావాలని నోరు విప్పి అడగకూడదన్నది వారి నియమం. “ఇట్స్ ఆల్‌రైట్, మిస్టర్ రావ్” అని నవ్వి, మళ్లీ దగ్గారు.

“గోబర్ గ్యాస్‌కి ఎండతో పని లేదు నాన్నా. ఆ బాయిలరైనా ఉంచాల్సింది” అంది కూతురు శకుంతల.

“పాత ఇనుముకి పంపించేశానే అమ్మడూ.”

ఇంతలో బ్లాక్‌టౌన్ నుంచి వచ్చినవాళ్లెవరో కారు దిగి, “అంకుల్, పైన ఆ పలకలేమిటండీ?” అని అడిగారు. కర్ర లేవలేదు. తన ఒంటి వేడి కాస్తయినా ఎక్కుతుందేమోనన్నట్టు ఆయన అరచెయ్యి ఆ గొట్టం మీదే ఉండిపోయింది.